వస్తివా, వచ్చావా? మదురై, కోయంబత్తూరు తెలుగులో నిలిచిన పాత భూతకాలం

విజయవాడ నుంచో రాజమండ్రి నుంచో వెళ్లిన చుట్టం కోయంబత్తూరు పక్క పల్లెలో ఒక నాయుళ్ల ఇంట అడుగు పెడితే, ఆ ఇంటి పెద్దామె పలకరింపు దగ్గరే ఆగిపోతాడు. "ఎప్పుడు వస్తివి నాయనా? బువ్వ తింటివా?" వచ్చి ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎప్పుడొస్తావని అడగడమేమిటని అతని అనుమానం. ఆమె మాటలో తికమక ఏమీ లేదు. వస్తివి అంటే వచ్చావు, తింటివా అంటే తిన్నావా. రాబోయేదాన్ని గురించి కాదు, అయిపోయినదాన్ని గురించే ఆమె అడుగుతోంది. వస్తావాకీ వస్తివాకీ మధ్య ఉన్నది ఒక్క అచ్చు. ఆ అచ్చు దగ్గరే కాలం అటుదిటు అవుతుంది.

ఆ చుట్టం బడిలో చదువుకున్న వ్యాకరణాన్ని కాస్త గుర్తు తెచ్చుకుంటే చిక్కు విడిపోతుంది. వచ్చితిని, వచ్చితివి, వచ్చెను, వచ్చితిమి, వచ్చితిరి, వచ్చిరి. పద్యాల్లోనూ పాత పాఠ్యపుస్తకాల్లోనూ తప్ప ఇంకెక్కడా లేదని అతను నమ్మిన భూతకాలం ఇదే. వచ్చితివిలో నడిమి ఇకారం జారిపోతే వస్తివి అవుతుంది. అలాగే చేసితిమి చేస్తిమి, ఇచ్చితిమి ఇస్తిమి, తెచ్చితిరి తెస్తిరి. తింటిని, కంటిని, వింటిని లాంటివి ఆ మాత్రం కూడా మారలేదు, కావ్యాల్లో ఎలా ఉన్నాయో నోట్లోనూ అలాగే ఉన్నాయి. ఊరు మారితే, కులం మారితే పలుకు మారుతుంది. కమ్మవారి మాట, కంబళత్తు నాయకుల మాట, అరుంధతియర్ల మాట అచ్చంగా ఒకటి కాదు. అయినా నేనూ నువ్వూ అని ఎదురెదురుగా మాట్లాడుకునే చోట ఈ తికారపు భూతకాలం దక్షిణపు తెలుగులో మామూలు మాటే. రాయలసీమ పల్లెల్లోనూ వినిపిస్తుంది.

పుస్తకాలకే పరిమితమైపోయిన భూతకాలం అనగానే భాషాశాస్త్రం చదివినవారికి మొదట తట్టేది ఫ్రెంచి. అక్కడ దాని పేరు పాసే సాంప్ల్, అంటే ఒక్క మాటలో నడిచే సాదా భూతకాలం. పాడు అనే క్రియ తీసుకుంటే జ షాంతే, త్యు షాంతా, ఇల్ షాంతా, ను షాంతామ్, వు షాంతాత్, ఇల్ షాంతేర్ అని ఆరు రూపాలు. ఫ్రెంచి పిల్లలు ఈ పట్టికను వల్లె వేస్తారు గానీ అన్నం దగ్గర కూర్చుని ఎవరూ ఈ రూపాల్లో మాట్లాడుకోరు. రోజువారీ మాటకు పాసే కాంపోజే ఉంది. సహాయక్రియ ఒకటి, దాని పక్కన భూతకాలపు విశేషణం ఒకటి పెట్టి కట్టే భూతకాలం అది.

ఈ రెండూ ఒకప్పుడు పని పంచుకుని బతికేవి. 16వ శతాబ్దపు పండితుడు ఆన్రీ ఎత్యెన్ దగ్గర మొదలై 1660 నాటి పోర్ రొయాల్ వ్యాకరణం దాకా ఒక లెక్క చెప్పేవారు: ఈ రోజు జరిగినదానికి కాంపోజే, నిన్నటికీ అంతకు ముందటికీ సాంప్ల్. నడుమ ఒక రాత్రి గడవాలి. ఈ లెక్కను ఎంత పట్టుదలగా చూసేవారో చెప్పడానికి కొర్నెయ్ రాసిన 'ల సీద్' నాటకం సాక్ష్యం. అందులో ఒక పాత్ర ముసలి దొరను చెంపదెబ్బ కొట్టి, కొద్దిసేపటికే ఆ సంగతి చెబుతూ పాసే సాంప్ల్ వాడింది. ఇంకా రాత్రి గడవలేదు కదా, ఈ రూపం ఎలా వాడతారని ఫ్రెంచి అకాడమీ 1638లో అచ్చువేసిన విమర్శలో తప్పు పట్టింది. తరవాతి ముద్రణలో కొర్నెయ్ ఆ వాక్యాన్ని మార్చాడు. ఒక దేశపు మహాకవి ఒక క్రియాంతం కోసం తన పంక్తిని తిరగరాసుకున్నాడు!

ఆ తరవాతి కాలంలో కాంపోజే మెల్లగా నిన్నటినీ మొన్ననూ కూడా తన కిందికి తెచ్చుకుంది. పాసే సాంప్ల్ నోటిని వదిలి కాగితం మీదికి చేరింది. నవలల్లో, చరిత్ర గ్రంథాల్లో, పిల్లల కథల్లో నిలిచింది. 1942లో ఆల్బేర్ కామూ 'లెత్రాంజే' నవలను ఉత్తమ పురుషలో, పాసే కాంపోజేలో రాయడం అందుకే అంత సంచలనమైంది. 1959లో భాషావేత్త ఎమిల్ బెన్‌వెనిస్త్ ఆ పరిణామానికి సూత్రం కట్టాడు. పాసే సాంప్ల్ కథనం కోసం ఉన్నది, ఎదుటి మనిషితో సంభాషణ కోసం కాదు. అందువల్ల అది మూడో పురుషలో హాయిగా ఉంటుంది, నేను, నువ్వు అనే మాటల పక్కన ఇమడదు. "మేము పాడితిమి" అనే అర్థమిచ్చే ను షాంతామ్ ఈనాటి ఫ్రెంచివాడికి నవ్వు తెప్పిస్తుంది, ఇల్ షాంతా మాత్రం నవలలో ఎబ్బెట్టుగా ఉండదు. 2016లో ఫ్రాన్సు ప్రాథమిక తరగతుల పాఠ్యప్రణాళిక కూడా మూడో పురుష రూపాలు నేర్పితే చాలంది. దాని మీద పెద్ద రగడే జరిగింది.

తెలుగుతో పోలిక ఇక్కడితో ఆగదు, లోపలికి కూడా వెళుతుంది. రెండు భాషల్లోనూ కొత్త భూతకాలం పాత విశేషణం మీదే మొలిచింది. వచ్చిన అనే విశేషణానికి వాడు చేరి వచ్చినవాడు, అది కుదించుకుని వచ్చినాడు, కృష్ణా గోదావరి జిల్లాల్లో మరీ కుదించుకుని వచ్చాడు. విశేషణం మీద కట్టిన రూపం గనక అది లింగాన్ని మోస్తుంది: వచ్చినాడు, వచ్చినది. పాత రూపానికి ఆ బరువు లేదు. అతడు వచ్చెను, ఆమె వచ్చెను, ఆవు వచ్చెను. ఫ్రెంచిలోనూ కొన్ని క్రియల్లో ఇంతే. చనిపోవడాన్ని పాత రూపంలో చెబితే మగవాడికైనా ఆడమనిషికైనా ముర్యు అనే ఒకే మాట. కొత్త రూపంలో మగవాడికి మోర్, ఆడమనిషికి మోర్త్. ఎక్కడో అట్లాంటిక్ ఒడ్డున ఒక భాష, ఇక్కడ గోదావరి ఒడ్డున ఒక భాష, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండానే ఒకే దారి తొక్కాయి. తేడా అంతా ఆ తరవాత, పాత రూపం ఎక్కడ తలదాచుకుందన్న దగ్గర వచ్చింది.

మదురై కథ ఇక్కడి నుంచి అందుకోవాలి.

1370ల్లో విజయనగరపు కుమార కంపన మదురై సుల్తానును ఓడించిన తరవాత తెలుగు దండ్లు తమిళదేశంలోకి దారి చేసుకున్నాయి. 1529లో విశ్వనాథ నాయకుడు మదురైలో నాయక రాజ్యాన్ని స్థాపించాడు. ఆయనా, ఆయన దళవాయి అరియనాథ మొదలియారూ కలిసి దేశాన్ని 72 పాళయాలుగా పంచారని చెబుతారు. ఆ పాళయాల్లో చాలావాటికి పాలెగాళ్లు తెలుగువాళ్లే. బోడినాయకనూరు, ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి వగైరా పాళయాలు కంబళత్తు నాయకులవి. 1799 అక్టోబరు 16న కయత్తారులో కుంఫిణీవాళ్లు ఉరితీసిన వీరపాండ్య కట్టబొమ్మన ఆ కులంవాడే. ధారాపురం, కాంగేయం వైపు, అంటే నేటి కోయంబత్తూరు సీమలో, 17వ శతాబ్దంలో మైసూరువాళ్లు ఆక్రమించే దాకా మదురై నాయకుల అధికారమే నడిచింది.

సైన్యం వెంట వచ్చినవాళ్లే కాదు, సేద్యగాళ్లు కూడా వచ్చారు. పత్తి పండే నల్లరేగడి చూసుకుని కమ్మవారు సాత్తూరు, కోవిల్పట్టి, కోయంబత్తూరు వైపు స్థిరపడ్డారు. వలస ఎందుకు వచ్చిందంటే వాళ్ల ఇళ్లలో ఒక కథ చెబుతారు. ఒక తురక ప్రభువు తమ ఆడపిల్లను ఇమ్మన్నాడని రాత్రికి రాత్రి ఊరు వదిలారట. వెనక గుర్రాలు, ముందు నిండుగా పారే ఏరు. ఒడ్డున ఉన్న చెట్టు వంగి వంతెనైతే అందరూ దాటారట. కంబళత్తు నాయకులూ కొద్ది మార్పులతో ఇదే కథ చెబుతారని థర్‌స్టన్ 1909లో అచ్చువేసిన కులాల గ్రంథంలో నమోదైంది. ఆ ఏరు ఏదన్నది పక్కన పెట్టినా ఒక్క సంగతి మాత్రం ఖాయం. వాళ్లు బయల్దేరిన కాలానికి వచ్చాడు అనే రూపం ఇంకా తెలుగునాట రాజ్యం చెయ్యలేదు. వస్తిమి, పోతిమి, చేస్తిమి అన్నవే వాళ్లు మూట కట్టుకుని తెచ్చుకున్న మాటలు.

ఇది ఊహ కాదు, రాతల్లో రుజువుంది. విజయనగర కాలపు తెలుగు దానశాసనాలు ఏ నాలుగు చదివినా "ధారపోసి ఇస్తిమి", "సమర్పిస్తిమి" అనే ముగింపులు కనిపిస్తాయి. చాలాసార్లు పక్కన గనక కూడా ఉంటుంది: ఇంత భూమి మీకు ఇస్తిమి గనక మీరు దీన్ని పుత్రపౌత్ర పారంపర్యంగా అనుభవించేది, అన్న ధోరణి. శాసనమంటే రాయి మీద చెక్కిన మాటే. దొర నోటితో మేము అంటాడు, ఎదుట ఉన్నవాణ్ణి మీరు అంటాడు. పండితుల ఇచ్చితిమి కాకుండా జనం నోటి ఇస్తిమి అక్కడ పడడానికి కారణం అదే. రాయసగాడు విన్నది విన్నట్టు రాశాడు. నాలుగైదు వందల ఏళ్ల కిందటి ఆ ఇస్తిమిని ఈనాడు ఉడుమలైపేట వైపు ఏ రైతుకు చదివి వినిపించినా అర్థం అడగడు. విశాఖపట్నం వాడు అడుగుతాడు.

మదురై నాయకుల కొలువు తెలుగు వచనానికి చేసిన మేలు ఇంకా తగినంతగా గుర్తింపు పొందలేదు. పద్యం ఎక్కడైనా పుట్టింది గానీ, వచనంలో పుస్తకం మొత్తం రాయవచ్చునన్న ధైర్యం దక్షిణాదిన, ఈ నాయకుల నీడలోనే బలపడింది. మొదట చెప్పుకోవలసింది 'రాయవాచకము'. మదురై ఏలిన కాశీ విశ్వనాథ నాయని కోసం ఆయన స్థానాపతి (రాయబారి) ఒకడు కృష్ణదేవరాయల సంగతులను నివేదికలా కూర్చిన పుస్తకం ఇది. పేరు చెప్పుకోలేదు, స్థానాపతిననే చెప్పుకున్నాడు. దీని రచనాకాలాన్ని ఫిలిప్ వాగొనర్ 1595కీ 1602కీ మధ్య పెట్టారు. మంత్రి అప్పాజీ ఎత్తులు, వేగులవాళ్లు తెచ్చే వార్తలు, కొలువులో కూర్చున్న దొరల మాటలు, అన్నీ కచేరీలో మాట్లాడుకునే తెలుగులో సాగుతాయి. పారసీ మాటలు అడ్డూ ఆపూ లేకుండా వస్తాయి.

ఆ వచనం నడకను కాస్త దగ్గర నుంచి చూడాలి. ఫ్రెంచి కథకుడికి ప్రతి చిన్న వాక్యానికీ ఒక సమాపక క్రియ కావాలి. రాజు లేచెను, గుర్రమెక్కెను, కోట చేరెను అన్నట్టు మూడు పాసే సాంప్ల్‌లు వరసగా పడతాయి, కథ అడుగులో అడుగు వేస్తున్నట్టు వినిపిస్తుంది. తెలుగు స్థానాపతి అలా రాయడు. లేచి, గుర్రమెక్కి, కోట చేరి, వాళ్లను పిలిపించి, కానుకలు తీసుకుని, తాంబూలాలిచ్చి, చివరికెక్కడో ఒక పంపెను, ఒక సెలవిచ్చిరి. అరపేజీ బరువంతా ఆ ఒక్క క్రియ మీద పడుతుంది. అందుకే తెలుగు వచనంలో ఆ చివరి రెండక్షరాలు ఏమిటన్నది అంత పెద్ద విషయమైంది. వాక్యం మొత్తానికి ఊరూ కాలమూ మర్యాదా చెప్పేవి అవే.

1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడి కాలానికి ఈ వచనం కచేరీ నుంచి పురాణంలోకి కూడా వెళ్లింది. రాజే స్వయంగా 'శ్రీరంగ మాహాత్మ్యము', 'మాఘ మాహాత్మ్యము' వచనంలో రాశాడు. ఆయన కొలువులోని సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడు 'జైమినీ భారతము', 'సారంగధర చరిత్ర' వచనంలోనే చెప్పాడు. ఈ కృష్ణప్ప నాయకుడు పద్యం రాయలేక వచనంలోకి వచ్చినవాడు కాదు. 'అహల్యా సంక్రందనము', 'రాధికా సాంత్వనము' కూడా ఆయనవే. చదివించి వినే జనం కోసం పురాణం వచనంలోకి దిగింది, దాంతోపాటు చెప్పెను, అనెను, పోయిరి అనే మూడో పురుష రూపాలు కథ చెప్పే గొంతుగా స్థిరపడ్డాయి. అటు ఇళ్లలో నేను-నువ్వులకు వస్తిని-వస్తివి, ఇటు పురాణకాలక్షేపంలో వాడికీ ఆమెకీ వచ్చెను. ఒకే క్రియాపట్టిక రెండు పనులు చేసింది.

అదే రోజుల్లో అదే దేశంలో ఇంకొందరు కూర్చుని పాసే సాంప్ల్‌లో ఉత్తరాలు రాస్తున్నారు. మదురై మిషన్‌ను 1606లో వచ్చిన ఇటలీ దేశపు జెసూట్ రాబర్టో ది నోబిలి పేరుతో గుర్తుపెట్టుకుంటారు. తమిళం, సంస్కృతంతోపాటు తెలుగు కూడా నేర్చినవాడాయన. ఆ తరవాతి తరాల్లో బూషే, మార్తాఁ లాంటి ఫ్రెంచి జెసూట్లు ఇక్కడి నుంచి రాసిన ఉత్తరాలు పారిస్‌లో 1702 నుంచి 1776 దాకా సంపుటాలుగా వెలువడ్డాయి. మరవల యుద్ధాలు, కరువులు, పాలెగాళ్ల తగాదాలు ఆ ఉత్తరాల ద్వారా యూరపు చదువరులకు చేరాయి. 1846లో కోయంబత్తూరుకు బిషప్పయిన బ్రెజియాక్ కూడా ఫ్రెంచివాడే. అతడు వచ్చెను, చూచెను అని వీళ్లు కాగితం మీద రాసే రూపం వీళ్ల సొంత ఊళ్లలో అప్పటికే నాలుక మీద నుంచి జారిపోతోంది. కిటికీ అవతల పొలం పనికి పోయే తెలుగు కూలీ అలాంటి రూపాన్నే పొద్దుట నుంచి రాత్రి దాకా నోటినిండా వాడుతున్నాడు.

1736లో చందా సాహెబు చేతిలో మోసపోయి రాణి మీనాక్షి చనిపోవడంతో మదురై నాయక రాజ్యం ముగిసింది. కొలువు పోయింది, కవులు చెదిరిపోయారు, కచేరీలో తెలుగు తగ్గింది. తెలుగు మాత్రం ఇళ్లలోకి, పొలంగట్లకు, కులదేవతల జాతరలకు ఒదిగింది. అక్కడ దానికి బడి లేదు, పుస్తకం లేదు, దిద్దేవాడు లేడు.

ఎవరూ దిద్దకపోవడం వల్లనే ఆ రూపం బాగా నిలిచిందని తోస్తుంది. దానికి తోడు పక్కింటి భాష కూడా అండ అయింది. తమిళంలో చేశాను అనడానికి సెయ్దేన్, చేశావు అనడానికి సెయ్దాయ్, చేశాము అనడానికి సెయ్దోమ్. చేస్తిని, చేస్తివి, చేస్తిమి వాటి పక్కన నిలబడితే వరస సరిపోతుంది. రెండు భాషలూ ఒకే నోట్లో నానినప్పుడు ఇలాంటి పోలిక ఒక రూపాన్ని కాపాడుతుంది. తమిళంలో మూడో పురుష లింగం చెప్పి తీరుతుంది: సెయ్దాన్, సెయ్దాళ్. తెలుగువాళ్ల నోట కూడా మూడో పురుషలో వచ్చె, పోయె అన్నవి వినిపించినా, మనిషిని గురించి చెప్పేటప్పుడు వచ్చినాడు వైపే మొగ్గు. ఫలితం ఏమిటంటే ఫ్రెంచిలో జరిగినదానికి పూర్తిగా ఎదురు. అక్కడ పాత భూతకాలంలో మూడో పురుష మిగిలి నేను-నువ్వులు పోయాయి. ఇక్కడ నేను-నువ్వులు నిలిచి మూడో పురుష పలచబడింది. బెన్‌వెనిస్త్ సూత్రాన్ని పట్టుకుని చూస్తే, ఫ్రాన్సులో కథనానికి మిగిలిపోయిన రూపానికి అన్న వరసయ్యే రూపం మదురైలో సంభాషణకు మిగిలింది. పుస్తకాల భూతకాలమని మనం పేరు పెట్టినది అక్కడ ఎదుటి మనిషి కళ్లలోకి చూసి మాట్లాడే భూతకాలం.

ఈ సంగతి తెలుగునాట జరిగిన పెద్ద భాషావాదంలో ఎక్కడా ముందుకు రాలేదు, అదే బాధ కలిగించే విషయం. మద్రాసులో ఉండి పరవస్తు చిన్నయసూరి 1853లో 'నీతిచంద్రిక', 1858లో 'బాలవ్యాకరణం' ఇచ్చాడు. రెండు మూడు తరాల పిల్లలు చేసితిని, చేసితివిలను ఆ వెలుగులోనే నేర్చుకున్నారు. 1911లో జయంతి రామయ్య పంతులు పూనికతో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడి గ్రాంథికానికి కోట కట్టింది. పర్లాకిమిడి నుంచి గిడుగు రామమూర్తి, విజయనగరం నుంచి గురజాడ ఆ కోటను ఢీకొన్నారు. స్కూలు పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నది అసలు తగువు. గురజాడ 1914లో తన అసమ్మతి పత్రం ఇచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశాడు.

గిడుగు వాదం న్యాయమైనది. నోట లేని రూపాలతో పిల్లల్ని హింసించవద్దన్నాడు, శిష్టుల వాడుక పాత వచనంలోనూ ఉందని చూపించడానికి 'గద్యచింతామణి' కూర్చాడు. మరోవైపు, ఆ వాడుక వచనానికి పెద్ద సాక్ష్యమైన 'రాయవాచకము'ను పరిష్కరించి పరిషత్తు పక్షాన 1933లో పుస్తకంగా తెచ్చింది జయంతి రామయ్య గారే. ఇరుపక్షాల వాళ్లూ మదురై రాతను చేతుల్లోకి తీసుకున్నారు. మదురై నోటిని మాత్రం ఎవరూ అడగలేదు. పరీక్షలు సర్కారు జిల్లాల పిల్లలవి, పత్రికలు మద్రాసువి, బెజవాడవి. చేస్తిమి అని ఇంట్లో అనే పిల్లవాడు తమిళ బడిలో కూర్చుని ఉన్నాడు.

ప్రభుత్వ లెక్క కూడా వాళ్లను తాకలేదు. గ్రియర్సన్ భారత భాషా సర్వేక్షణలో ద్రావిడ భాషల సంపుటం 1906లో వచ్చింది. వడారి, కామాఠీ, దాసరి అంటూ ఉత్తరాన, పడమటన చెదిరిన తెలుగు పలుకుబళ్లకు కూడా అందులో చోటు దొరికింది. ఆ సర్వేక్షణ మద్రాసు ప్రెసిడెన్సీని వదిలేసి నడిచింది గనక తెలుగువాళ్లలో అత్యధికులు ఉన్న నేల, ఆ నేలలోని మదురై కోయంబత్తూరు తెలుగు, రెండూ బయటే ఉండిపోయాయి. ఆనాడు ఒక గుమాస్తా సాత్తూరు సంతలో కూర్చుని నాలుగు పేజీల మాట రాసుకుని ఉంటే, చేసితిమి చచ్చిందా బతికిందా అన్న వాదం మరోలా సాగేది.

ఆ తరవాతి నూరేళ్లలో కోయంబత్తూరు తెలుగువాళ్లు నగరాన్ని కట్టారు. 1910లో జి. కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్లుతో మొదలుపెట్టారు. పీఎస్జీ కుటుంబం 1926లో ధర్మనిధిని ఏర్పరచి విద్యాసంస్థలు నడిపింది. కలంగల్‌లో పుట్టిన జి.డి. నాయుడు మోటార్లు, యంత్రాలతో పేరు తెచ్చుకున్నారు. ఇంటి భాష తెలుగు, మిల్లు భాష తమిళం, కాగితం భాష ఇంగ్లిషు. తెలుగు అక్షరం తెలియకుండానే తెలుగు మాట్లాడే తరాలు వచ్చాయి.

రాత విషయానికి వస్తే కి. రాజనారాయణన్ జీవితం చాలు. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్‌లో 1923లో పుట్టి, 2021లో పుదుచ్చేరిలో కన్నుమూసిన ఈ కమ్మవారి బిడ్డ తమిళంలో మహాకథకుడు. చెట్టు వంగి ఏరు దాటించిన వలస కథనే 'గోపల్ల గ్రామం' నవలగా మలిచాడు. దాని కొనసాగింపు 'గోపల్లపురత్తు మక్కళ్'కు 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నల్లరేగడి సీమ మాటలకు నిఘంటువు కూడా కూర్చాడు. ఆ పాత్రలు ఇంట్లో మాట్లాడుకునేది తెలుగైనా పుస్తకంలో తమిళమే మాట్లాడాయి. ఆ వస్తిమి, పోతిమి అచ్చులో పడవలసిన చోట వందోమ్, పోనోమ్ పడ్డాయి. తమిళానికి అది వరం. తెలుగు వచనం మాత్రం తన గొంతుల్లో ఒకదాన్ని వినకుండా ఉండిపోయింది.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు, అంటే 5.87 శాతం. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి తమిళాన్ని తప్పనిసరి చేసి ఏటికేడు పైతరగతులకు విస్తరించింది. అప్పటికే కొద్దిగా మిగిలిన తెలుగు బడులకు అది గట్టి దెబ్బ. మదురై, కోయంబత్తూరుల్లో ఆ బడులు లేని ఇళ్లే ఎక్కువ గనక అక్కడి నష్టం వేరు: అవ్వ తెలుగులో అడుగుతుంది, మనవడు తమిళంలో జవాబిస్తాడు. అడిగేది తింటివా అనే, జవాబు సాప్టేన్ అని. పాత భూతకాలానికి నువ్వు మిగిలి నేను పోయే రోజు ఆ ఇంట్లో వచ్చేసింది. ఫ్రెంచిలో ఒక రూపం నోరు వదిలిపోవడానికి రెండు మూడు శతాబ్దాలు పట్టింది. అక్కడ పోయినది ఒక క్రియారూపం మాత్రమే, భాష అలాగే ఉంది. ఇక్కడ క్రియతోపాటు భాషే ఆ ఇంటి గడప దాటుతోంది.

ఈ మాటను అచ్చులోకి తేవడానికి పూనుకున్నవాళ్లు ఉన్నారు. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు', 'కతల గంప'లతో తమిళనాడు తెలుగువాళ్ల పలుకుకు వచనంలో చోటు పెట్టారు. హోసూరు వైపు కథకులు అంటిని, పోతిమి అంటూ తమ ఊరి భాషలోనే కథలు రాస్తున్నారు. అక్కడ ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గర, తెలుగు బడి చదువు కొంత మిగిలింది, అందుకే అక్షరం అందింది. మదురై, కోయంబత్తూరులకు ఆ వెసులుబాటు లేదు. అక్కడ ముందు చెయ్యగలిగింది గొంతులు పట్టుకోవడం. కమ్మవారి ఇళ్లలో ఒక గంట, కంబళత్తు నాయకుల జక్కమ్మ కొలుపులో ఒక గంట, అరుంధతియర్ల వాడలో ఒక గంట మాట రికార్డు చేసి, ఏ వయసువాళ్లు వస్తిమి అంటున్నారో, ఎవరు వచ్చినాము వైపు తిరిగారో, ఎవరు వందోమ్‌కు వెళ్లిపోయారో పట్టిక వేస్తే చాలు. ఇందుకు కావలసిన సాధనం ఇవాళ ప్రతి జేబులోనూ ఉంది. ఆ ఇళ్ల పడుచువాళ్లు తెలుగు అక్షరాలు రాకపోయినా తమిళ లిపిలోనో ఇంగ్లిషు అక్షరాల్లోనో తెలుగు మాటలు ఫోన్లో రాసుకుంటూనే ఉన్నారు. వాళ్లకు తెలుగు లిపి నేర్పే పని, వాళ్ల అవ్వల గొంతు భద్రం చేసే పని ఒకేసారి మొదలుపెట్టవచ్చు, రెండింటికీ పాఠం ఆ క్రియాపట్టికే అవుతుంది: వస్తిని, వస్తివి, వస్తిమి, వస్తిరి.